శెనక్కాయ వేరా, కాయా?

బీఈడీలో రాసిన పాఠ్య పథకాల రికార్డులు మొన్న అటక మీద నుంచి దించాను. జీవశాస్త్రం మెథడ్, ఎనిమిదో తరగతి, వేర్ల రూపాంతరాలు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అనంతపురంలో మా కాలేజీలో మొదట నేర్పింది మైక్రో టీచింగ్, అంటే కొద్దిమంది ముందు చిన్న పాఠం చెప్పి సాధన చేయడం. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన పద్ధతి అది. మన దగ్గర ఎన్‌సీఈఆర్‌టీ దాన్ని 36 నిమిషాల చక్రంగా మార్చింది. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు తప్పొప్పులు, 12 నిమిషాల్లో మళ్లీ తయారవడం, 6 నిమిషాలు మళ్లీ పాఠం, చివరి 6 మళ్లీ తప్పొప్పులు. ఒక్కోసారి ఒక్క నైపుణ్యమే. నల్లబల్ల మీద నా రాత వాలిపోయేది, ఆ సాధనతోనే నిలబడింది. ఆ మేలు మరిచిపోను. కానీ పిల్లల స్థానంలో కూర్చునేది నాతోపాటు బీఈడీ చదివే ఛాత్రోపాధ్యాయులే. నాకు ఏ జవాబు కావాలో వాళ్లకు ముందే తెలుసు, అదే చెప్పేవాళ్లు. వాళ్ల పాఠాల్లో నేనూ అంతే.

2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది, బడిలో గడపాల్సింది మొత్తం 20 వారాలు. నన్ను కళ్యాణదుర్గం రోడ్డులోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు పంపారు. ఆగస్టు నెల. బడి గోడ దాటితే శెనక్కాయ చేలే.

"ఆహారం నిల్వ చేసుకునే వేరు ఒకటి చెప్పండి" అని అడిగాను. నా పథకంలో పిల్లలు ఏం చెప్తారో రాసే 'విద్యార్థి కృత్యం' గడిలో 'ముల్లంగి' అని ముందే రాసి పెట్టుకున్నాను. వెనక బెంచీ పిల్లాడు లేచి "శెనక్కాయ మేడమ్" అన్నాడు. "కాదు, కూర్చో" అని ముల్లంగి చార్టు చూపించాను. పాఠం టైముకు ముగిసింది.

పరిశీలనకు వచ్చిన మా మెథడ్ సార్, అంటే కాలేజీలో మాకు జీవశాస్త్ర బోధన నేర్పే సార్, బయటికొచ్చాక ఒక్క మాటే అడిగారు. "ఎందుకు కాదో చెప్పలేదే అమ్మా?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా తాత చేలో శెనక్కాయ పీకినదాన్ని నేను. ఆ పిల్లాడి జవాబు తప్పే, కానీ దాని వెనక చూపు ఉంది. మట్టిలోంచి వచ్చేదాన్ని వేరనుకోవడంలో వింతేముంది?

మర్నాడు వాడినే ఒక చెట్టు పీక్కురమ్మన్నాను. బల్ల మీద పెట్టి "కాయ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించు" అన్నాను. వేలితో వెతుక్కుంటూ పోయి, "ఊడ దిగింది మేడమ్... పువ్వు ఉన్నకాడి నుంచి" అన్నాడు. పచ్చపువ్వు వాడిపోయాక దాని అడుగు నుంచి ఊడ సాగి నేలలోకి దిగుతుందని, దాని కొనలో కాయ కడుతుందని ఆ తరగతిలో సగం మందికి తెలుసు. "అట్లయితే ఇది వేరు కాదు మేడమ్, కాయే!" అన్నాడు వాడే. ఆ పీరియడ్‌లో నేను చెప్పింది చాలా తక్కువ.

మైక్రో టీచింగ్ తీసేయాలని అనను. కనీసం చివరి రెండు వారాలైనా పక్క బడి నుంచి అయిదారుగురు పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టాలి. అనుకోని జవాబు వచ్చినప్పుడు ఏం చేయాలో సాధన చేయకుండా ప్రశ్నించే నైపుణ్యం వచ్చిందని సంతకం పెట్టకూడదు.

ఆ తర్వాతి పథకాల్లో విద్యార్థి కృత్యం గడి పెన్సిల్‌తో నింపాను. పీరియడ్ అయ్యాక పిల్లలు నిజంగా అన్నది పక్కనే పెన్నుతో రాశాను. రికార్డు నీట్‌గా లేదని ఎవరైనా అంటారేమోనని టెన్షన్ పడ్డాను. మెథడ్ సార్ ప్రతి పేజీ తిప్పి, పెన్నుతో రాసినవన్నీ చదివి, సంతకం చేశారు.