అలిపిరి మెట్ల మీద ఒక లెక్క

గత ఆగస్టులో, ఒసాకాలో ఐదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకు చిత్తూరు వచ్చినప్పుడు, అదే తరగతి చదువుతున్న మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని అలిపిరి దారిలో తిరుమలకు నడిచాను. జపానులో వేసవి సెలవులు జూలై చివర మొదలై ఆగస్టు దాకా సాగుతాయి; అప్పటికి మన బడులు జోరుగా నడుస్తుంటాయి కనుక ఆదివారం వరకు ఆగవలసి వచ్చింది.

పాకాల, చంద్రగిరి మీదుగా తెల్లవారేసరికి అలిపిరి చేరి, సంచులూ చెప్పులూ దేవస్థానం కౌంటరులో అప్పగించి, పాదాల మండపం వద్ద మొక్కుకుని బయలుదేరాము. మెట్లు 3550, దూరం సుమారు 9 కిలోమీటర్లు. పిల్లవాడు చిన్న నోటు పుస్తకం తీసి వంద మెట్లకొక గీత పెట్టసాగాడు. సెలవుల్లో ఏదైనా ఒక విషయాన్ని స్వయంగా పరిశీలించి రాసుకురమ్మని వాళ్ల బడిలో చెబుతారట. మా అమ్మాయికి సెలవుల్లో ఇచ్చే పని, పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు రెండేసి సార్లు రాయడం. ఈ మాట నేను అనలేదు, అదే అంది.

ఐదు వందల మెట్లకే అది చతికిలబడింది. వాడికి ఆయాసమే లేదు. వాళ్ల వీధి పిల్లలందరూ వరుసగట్టి, పెద్ద తరగతి పిల్లవాడి వెనుక రోజూ బడికి నడిచే వెళతారట. కిలోమీటరు దూరంలో ఉన్న బడికి మా అమ్మాయి ఒళ్లో పుస్తకాల సంచితో కిక్కిరిసిన ఆటోలో వెళుతుంది. "మామా, తను ఎందుకు నడవదు?" అని వాడు అడిగితే, కాలిబాట నిండా బండ్లు నిలుపుతారనీ, పెద్ద రోడ్డు దాటాలనీ చెప్పాను. అవన్నీ నిజాలే గాని, వీధి చివరి అంగడికి కూడా దాన్ని ఒంటరిగా పంపననే సంగతి దాచుకున్నాను.

గాలిగోపురం దాటాక, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వస్తున్న ఒక ముసలామె, "నాయనా, కాస్త చెయ్యి పట్టుకో" అని వాడిని పిలిచింది. ముక్కూ మొహం తెలియనివారు అలా పలకరించడం ఎరుగనివాడై వాడు బిక్కమొహం వేసి నిలబడిపోయాడు. మా అమ్మాయి మాత్రం "రా అవ్వా" అంటూ చెయ్యందించి, జింకల పార్కు దాకా ఆమె ఇంటి కథలన్నీ వింటూ నడిచింది. వాడూ రెండో చెయ్యి పట్టుకున్నాడు.

తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనమయ్యాక వాడు తన ఆకు తానే తీయబోయాడు. వాళ్ల బడిలో పిల్లలే వంతులవారీగా అన్నం వడ్డిస్తారు, గదులు తుడుస్తారు. మన బడుల్లో పిల్లల చేతికి చీపురిస్తే మరునాడే తల్లిదండ్రులు గొడవకు వస్తారు. వారిలో నేనూ ఉంటానేమో.

దిగువకు వచ్చే బస్సులో పుస్తకం చూశాను. గీతలు ఇరవై ఒకటి దగ్గర ఆగిపోయాయి. ఆ కింద మా అమ్మాయి చేత తెలుగులో రాయించుకున్నాడు: "ఇక్కడ అవ్వ కలిసింది."