తకిట నడకకు ఒక ఊరి పేరు

మా కడప జిల్లాలో క్యాంటర్ అనే మాట తెలియని రైతు ఉండడు. పులివెందుల వైపు చీనీకాయలు కోతకు వచ్చాయంటే తోట పక్కన వచ్చి నిలబడేది క్యాంటరే. లారీకి చిన్నదీ ఆటోకు పెద్దదీ అయిన ఆ బండిని ఏ కంపెనీ తయారు చేసినా మావాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. జపాన్‌కు చెందిన మిత్సుబిషి 1963లో ఆ పేరుతో ఒక సరుకు బండిని విడుదల చేసింది. 1980లలో ఐషర్ సంస్థ ద్వారా అది మన రోడ్ల మీదికి వచ్చి, కాలక్రమాన ఒక బండి పేరు కాస్తా ఆ జాతి బండ్లన్నింటికీ పేరైపోయింది.

గత నెలలో ఒక మిత్రుడి పత్రిక కోసం గుర్రపు స్వారీ గురించిన ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తుండగా అదే మాట ఎదురై నన్ను రెండు రోజులు కదలనివ్వలేదు. ఆ వ్యాసంలో గుర్రం మొదట నడుస్తుంది, తరువాత ట్రాట్ చేస్తుంది, ఆ తరువాత క్యాంటర్‌లోకి మారుతుంది, చివర గ్యాలప్ అందుకుంటుంది. నడకకు నడక ఉంది, గ్యాలప్‌కు దౌడు సరిపోతుంది, ట్రాట్‌ను దుడుకు నడక అని ఎలాగో గట్టెక్కించాను. క్యాంటర్ దగ్గర మాత్రం ‘పరుగు’ అని రాసి కొట్టేశాను, ‘చిన్న దౌడు’ అని రాసి అదీ కొట్టేశాను.

ఎందుకంటే క్యాంటర్ అనేది కేవలం వేగం కొలత కాదు. గంటకు సుమారు 16 నుంచి 27 కిలోమీటర్ల వేగంతో సాగే ఆ గమనంలో గుర్రం కాళ్లు నేలను తాకే వరుసే దాని లక్షణం. నడకలో నాలుగు కాళ్లూ విడివిడిగా నాలుగు దెబ్బలుగా పడతాయి. ట్రాట్‌లో ఎదురు మూలల కాళ్లు జంటగా పడటం వల్ల రెండే దెబ్బలు వినిపిస్తాయి. జట్కాబండి ఎక్కిన తరం వారికి ఆ టకటక ఇంకా చెవుల్లో ఉంటుంది. క్యాంటర్‌లో మూడు దెబ్బలు. కుడి ముందుకాలితో దారి తీసే గుర్రమైతే మొదట ఎడమ వెనుక కాలు, తరువాత కుడి వెనుక కాలూ ఎడమ ముందుకాలూ కలిసి, చివర కుడి ముందుకాలు నేలను తాకుతాయి. ఆపైన ఒక్క క్షణం నాలుగు కాళ్లూ గాలిలో ఉంటాయి. గ్యాలప్‌లో ఆ మధ్య జంట విడిపోయి మళ్లీ నాలుగు దెబ్బలవుతాయి. కాబట్టి క్యాంటర్‌ను నెమ్మదైన గ్యాలప్ అనడం వాడుకలో చెల్లుతుందేమో గాని, చెవికి అవి రెండూ ఒకటి కావు.

ఇక మాట పుట్టుక సంగతి. గుర్రాలకు సంబంధించిన ఆంగ్ల పదాలలో ట్రాట్, గ్యాలప్ రెండూ పాత ఫ్రెంచి నుంచి వచ్చాయి. క్యాంటర్ మాత్రం ఒక ఇంగ్లిష్ ఊరి పేరులో సగం ముక్క. ఇంగ్లండ్ ఆగ్నేయ మూలనున్న కెంట్ ప్రాంతంలో క్యాంటర్‌బరీ అనే పట్టణం ఉంది. అక్కడి ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను 1170 డిసెంబరు 29న రాజు రెండవ హెన్రీ వద్దనున్న నలుగురు వీరులు చర్చిలోనే నరికి చంపారు. మూడేళ్లు తిరగకముందే, 1173లో, పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. 1220లో ఆయన అస్థికలను చర్చిలోనే వైభవమైన కొత్త సమాధి మందిరానికి మార్చారు. లండన్ నుంచి సుమారు 95 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరికి మూడు వందల యాభై ఏళ్లకు పైగా యాత్రికులు వెళుతూనే ఉన్నారు. నడవగలిగినవారు నడిచారు, స్తోమత ఉన్నవారు గుర్రాల మీద వెళ్లారు. గుర్రం అలవకుండా, తాము కుదుపులకు గురి కాకుండా హాయిగా సాగే ఆ యాత్రికుల గమనానికి ‘క్యాంటర్‌బరీ గ్యాలప్’ అనే పేరు వచ్చింది. 17వ శతాబ్దంలో వాడుకలో ఉన్న ఆ పేరు 18వ శతాబ్దానికి తోక తెగి క్యాంటర్‌గా మిగిలింది. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా ఈ పేరును సాధువైన గుర్రాల మీద క్యాంటర్‌బరీకి వెళ్లే సన్యాసులకే ముడిపెట్టింది.

ఇందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఎనిమిదవ హెన్రీ 1538లో ఆ సమాధి మందిరాన్ని నేలమట్టం చేయించాడు. అంటే మాట వాడుకలో కనిపించే నాటికి యాత్ర ఆగిపోయి దాదాపు వందేళ్లు కావచ్చింది. ఆ దారిన స్వయంగా వెళ్లినవారెవరూ బతికి లేరు, అయినా వారి గుర్రాలు ఎలా నడిచేవో జనం తలచుకుంటూనే ఉన్నారు.

లాటిన్‌లో ‘కాంథేరియస్’ అనే మాట ఉంది. విత్తు కొట్టిన గుర్రానికి ఆ పేరు. క్యాంటర్ దాని నుంచే వచ్చిందని చెబితే వినడానికి ఎంతో పండితోచితంగా ఉంటుంది గాని, అది ధ్వని సామ్యం చేసే మోసమే. క్యాంటర్‌బరీకి పాత ఇంగ్లిష్‌లో కెంట్ జనుల కోట అని అర్థం. కోటను కోసి పారేసి జనాన్ని మాత్రం గుర్రం మీద ఉంచారన్న మాట.

ఈ కథ కడప మనిషికి పరాయిగా తోచదు. తిరుమల వెంకన్న దర్శనానికి ఉత్తరాది నుంచి కాలినడకన వచ్చేవారు ముందుగా దేవుని కడపలోని లక్ష్మీ వేంకటేశ్వరుని దర్శించుకుని కదిలేవారనీ, కొండకు గడప వంటిది కనుకనే మా ఊరు గడప, కడప అయిందనీ ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. అక్కడ ఊరు యాత్రికుల గమనానికి పేరిస్తే, ఇక్కడ యాత్రికుల గమనం ఊరికి పేరిచ్చింది.

అనువాదం మాత్రం ముందుకు కదలలేదు. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట వెలసిన గ్రంథాలయానికి వెళ్లి, ఒక పూట నిఘంటువుల ముందు కూర్చున్నాను. గుర్రపు సామగ్రికి మనకు మాటల కరవు లేదు. జీను, లగాము, రికాబు పారసీకం నుంచి వచ్చినవే అయినా, లగాముకు కళ్ళెం, రికాబుకు అంకవన్నె అనే మన మాటలు ఉండనే ఉన్నాయి. గమనాల విషయానికి వస్తే అమరకోశం ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదింటిని చెప్పి, వాటిని అయిదు ధారలన్నది. అయితే ఆ విభజన కాలి దెబ్బల లెక్క మీద చేసినది కాదు గనుక ఒక పేరును తెచ్చి క్యాంటర్‌కు అతికించడం బలవంతమే అవుతుంది.

జవాబు నిఘంటువులో కాక ఛందస్సులో దొరికింది. రగడలు అనే మన పద్యాలలో హయప్రచారం, తురగవల్గనం అనే రెండింటికి గుర్రం పేర్లున్నాయి. మొదటిదానిలో పాదానికి నాలుగు, రెండవదానిలో పాదానికి ఎనిమిది గణాలు. రెండింటిలోనూ ప్రతి గణానికీ మూడే మాత్రలు. ఏనుగు పేరు పెట్టిన ద్విరదగతి రగడకు వెళితే గణానికి అయిదు మాత్రలవుతాయి. అంటే మన లాక్షణికులు బరువైన నడకను ఏనుగుకిచ్చి, తకిట తకిట అనే తిశ్రగతిని గుర్రానికి కేటాయించారు. క్యాంటర్‌లో మూడవ దెబ్బ తరువాతి నిశ్శబ్దాన్ని కూడా కలిపితే నాలుగవుతుంది కదా అని మృదంగం తెలిసినవారు అడ్డు చెప్పవచ్చు. చెవిన పడేది మూడే గనుక నేను లాక్షణికుల పక్షమే వహిస్తాను. వల్గనం అంటే ఎగసి ఎగసి సాగడం, క్షణం సేపు గాలిలో తేలే ఆ గమనానికి అంతకన్నా దగ్గరి మాట నాకు తోచలేదు.

చివరకు ఆ వాక్యాన్ని ‘గుర్రం దుడుకు నడక మాని తకిట తకిట వల్గనం అందుకుంది’ అని రాసి పంపాను. మరునాడు మిత్రుడు ఫోన్ చేసి, “అన్నా, దీనికింత కష్టమెందుకు? క్యాంటర్ అనే పెట్టేసుంటే సరిపోయేది గదా, ఆ మాట తెలీనోడు మన పక్క ఎవురుండాడు?” అన్నాడు. సరిగ్గా అందుకే పెట్టలేదని చెప్పాను. పెట్టి ఉంటే మా జిల్లా పాఠకుడికి ఆ వాక్యంలో రౌతు బదులు డ్రైవరు, జీను మీద చీనీకాయలు కనిపించేవి.