ఉప్పుగాలికి నిలిచిన చోట్లు

డిసెంబరు వచ్చిందంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. హైదరాబాదు నుంచి పెదనాన్నగారి మనవరాలు, విజయవాడ నుంచి కాలేజీ స్నేహితురాలు, ఎప్పుడో నాతో ఇల్లు కట్టించుకుని అమెరికా వెళ్ళిపోయినవాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న. "వైజాగ్ వస్తున్నాం. ఎక్కడ దిగాలి, ఏం తినాలి, ఏం కొనుక్కోవాలి?" చివర ఒక ముక్క తగిలిస్తారు: "నువ్వు ఆర్కిటెక్టువి కదా, మంచి బిల్డింగులు నీకే తెలుస్తాయి."

నిజం చెప్పాలంటే నాకు బాగా తెలిసినవి తుప్పు పట్టిన బిల్డింగులు.

1998లో లాసన్స్ బే కాలనీలో నా మొదటి ఇల్లు కట్టాను. రిటైరైన లెక్కల మాస్టారిది. మేడ మీద సముద్రం వైపు బాల్కనీ, దానికి ఇనుప చువ్వల రెయిలింగు. గృహప్రవేశం నాడు అందరూ ఆ బాల్కనీలోనే నిలబడి ఫొటోలు దిగారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి రెయిలింగు అడుగున ఎర్రగా మొదలైంది. ఎనిమిదో ఏట బాల్కనీ శ్లాబు కింద పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. తప్పు నాదే. ఊచని కప్పి ఉండే కాంక్రీటు మందాన్ని కవర్ అంటాం. శ్లాబు పోసే రోజు దానికోసం ఊచల కింద పెట్టిన బిళ్ళలు పల్చగా ఉన్నాయని చూశాను. మేస్త్రీ "ఏటవదమ్మా" అన్నాడు. ఊరుకున్నాను. సముద్రపు గాలిలో ఉప్పు కాంక్రీటు సందుల్లోంచి మెల్లగా ఊచ దాకా దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పైనున్న కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది. కాంక్రీటు పనులకి 2000లో వచ్చిన భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరంలో గాలికి తెరిచి ఉన్న కాంక్రీటుకి 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. నేను వదిలేసింది అందులో సగం కూడా లేదు.

మాస్టారు ఒక్క మాట అనలేదు. మాస్టారి భార్య, పిన్నిగారు, కాఫీ ఇచ్చారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఆనాటి నుంచి ఈ ఊళ్ళో ఎక్కడికెళ్ళినా ఉప్పుగాలికి ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని చూడడం అలవాటైపోయింది. ఇక్కడ చెప్పేవన్నీ ఆ కంటితో ఏరినవే. మీకు నచ్చకపోతే నన్ను అనకండి.

ముందు బస. "సీ వ్యూ" అని రాసి ఉంది కదా అని డబ్బు కట్టేయకండి. ఫోన్ చేసి ఒకటే అడగండి: గది కిటికీ తెరుచుకుంటుందా? అద్దాల పెట్టెల్లాంటి హోటళ్ళలో సముద్రం టీవీలో మ్యూట్ పెట్టినట్టు కనిపిస్తుంది. చప్పుడుండదు, వాసనుండదు. దానికోసం ఇంత దూరం రావడం ఎందుకు? నా ఓటు బీచ్ రోడ్డులో ది పార్క్‌కి. ఎత్తు తక్కువ కట్టడం, ముందు పచ్చిక, చెట్లు, అవి దాటితే ఇసుక. చెట్లు అడ్డం ఉన్నచోట ఉప్పు ముందు ఆకుల మీద పడుతుంది, ఆ తర్వాతే గోడల మీద. ఈ సంగతి మాకు 2014 అక్టోబరు 12న తెలిసొచ్చింది. హుద్‌హుద్ తుఫాను ఒక్క పూటలో ఊరిని బోడి చేసి పోయింది. ఆ తర్వాతి రెండు మూడేళ్ళు నాకు వచ్చిన రిపేరు పనులన్నీ చెట్లు పోయిన వీధుల్లోవే.

పార్క్ ఖరీదైన చోటు, కాదనను. బడ్జెట్ చూసుకునేవాళ్ళకి సూర్యాబాగ్‌లో దసపల్లా, డాబాగార్డెన్స్‌లో డాల్ఫిన్ చెబుతాను. కిటికీలోంచి సముద్రం కనపడదు గానీ జగదాంబ సెంటరుకి నడిచి వెళ్ళొచ్చు. ఎక్కడ దిగినా సరే, గదిలోకి వెళ్ళగానే బాత్రూమ్ కిటికీ గడియ పట్టుకుని చూడండి. అది సాఫీగా జరిగితే ఆ హోటల్ని ఎవరో పట్టించుకుంటున్నారన్నమాట. నేను పరుపు చూడను, గడియే చూస్తాను.

రిషికొండ మీద ఒకప్పుడు ఏపీ టూరిజం వాళ్ళ హరిత కాటేజీలు ఉండేవి. వాటిల్లో గొప్ప డిజైనేం లేదు. కానీ కొండ వాలుకి తగ్గట్టు ఒకదాని కింద ఒకటి ఒదిగి ఉండేవి. వరండాలో కుర్చీ వేసుకుంటే చాలు. ఇప్పుడవి లేవు. ఆ కొండ మీద తర్వాత జరిగినదాని గురించి మొదలుపెడితే నాకు బీపీ, మీకు టైం వేస్టు.

పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్ళండి. కాళీ మాత గుడి దాటి నడుస్తూ ఉంటే ఇసుక మీద ఐఎన్ఎస్ కుర్సురా కనిపిస్తుంది. అందరూ పిల్లల్ని తీసుకెళ్ళే చోటు అనుకుంటారు. నేను మాత్రం నా దగ్గర చేరిన ప్రతి జూనియర్‌నీ మొదటి వారంలో అక్కడికి పంపుతాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియం అయిన సబ్‌మెరైన్ అది. 91 మీటర్ల పొడుగు, లోపల 75 మంది. మంచం పక్కన టార్పెడో, వంటగది అంటే మన ఇంట్లో దేవుడి గూడంత. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. నెలల తరబడి మనుషులు అందులో బతికారు. బయటికొచ్చాక "మేడమ్, రెండు వేల చదరపు అడుగుల్లో మూడు బెడ్‌రూములు పట్టడం లేదు" అనే మాట ఎవరి నోటా రాలేదు, కనీసం ఆ వారం.

ఇక తిండి. దీని గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు. టిఫిన్‌కి వెంకటాద్రి వంటిల్లు లేదా సాయిరామ్ పార్లర్. మధ్యాహ్నం భోజనానికి దసపల్లాలో ధరణి. వడ్డించేవాళ్ళు విసుక్కోకుండా రెండోసారి పప్పు వేస్తారు, ఫిల్టర్ కాఫీ బాగుంటుంది. బిర్యానీ కావాలంటే జగదాంబ దగ్గర ఆల్ఫా. అక్కడ అందం వెతక్కండి, ప్లేటు వైపే చూడండి. సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా తినకుండా వెళ్తే నాతో మాట్లాడకండి. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగపప్పు, కారం, నిమ్మకాయ. ముంతలో వేసి గరిటెతో టకటకా కలిపే చప్పుడుకే నోరూరుతుంది. తీసుకున్న వెంటనే తినెయ్యాలి. ఈ గాలికి మరమరాలు అయిదు నిమిషాల్లో మెత్తబడిపోతాయి. ఉప్పుగాలికి ఓడిపోయినవాటిలో నాకు ఇష్టమైంది ఇదొక్కటే.

చేపలు తినేవాళ్ళైతే తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి రండి. వండుకునే వసతి లేకపోయినా ఒకసారి చూడాల్సిందే. పడవలు వరసగా ఆగి ఉంటాయి, గట్టు మీద చందువలు, వంజరాలు, కానాగంతలు, రొయ్యలు కుప్పలుగా పోసి ఉంటాయి. నేను ఎప్పుడూ కొనే అమ్మ దగ్గర ఒకసారి వంజరాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. "పైన సూత్తే ఏటి తెలుస్తాదమ్మా, మొప్ప ఎత్తి సూడు" అంది. శ్లాబు కింద బిళ్ళలు చూసీ ఊరుకున్న రోజు ఈవిడ నా పక్కన ఉండాల్సింది.

హార్బర్ నుంచి పాతపట్నం దగ్గరే. ఎండ ఎక్కకముందు నడవండి. పాత పోస్టాఫీసు, కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం ఉన్న వైపంతా సన్నటి సందులు. ఓడరేవు నోటి దగ్గర పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదాని మీద దర్గా, మూడోదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్న రాస్ హిల్ మెట్ల పైనుంచి చూస్తే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద ఓడలు. 1933లో ఇక్కడ ఓడరేవు ఎందుకు తెరిచారో మ్యాపు లేకుండా అర్థమవుతుంది. సముద్రం పోటుని ఆ కొండ ముక్కు అడ్డుకుంటుంది.

పాతపట్నం ఇళ్ళలో నన్ను ఆపేది గోడలు. గానుగ సున్నం, మందపాటి రాతి గోడ, బర్మా టేకు దూలాలు, పైన పెంకులు. ఇనుము దాదాపు లేదు, కాబట్టి ఉప్పుకి తినడానికి ఏమీ దొరకలేదు. రాయి మాత్రం ఎప్పటికీ ఉంటుందనుకోకండి. మా కొండల్లో దొరికే రాయిని ఖోండలైట్ అంటారు. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన పేరు. ఉలికి లొంగుతుంది, గాలికీ లొంగుతుంది. కోణార్క గుడి శిల్పాలు అంత అరిగిపోవడానికి ఒక కారణం అవి ఈ జాతి రాయే కావడం. పాతపట్నంలో సున్నం పూత ఊడిన గోడల రాళ్ళు వేలితో గీకితే రాలతాయి, పూత నిలిచిన గోడల రాళ్ళు చెక్కుచెదరలేదు. ఆ పూత ఏటేటా వేయించుకునేవాళ్ళు ఇప్పుడు తక్కువ.

కొనుక్కోవడానికి వస్తే, షాపింగ్ మాల్స్ మీ ఊళ్ళోనూ ఉన్నాయి. ఖాదీ భండారులో పొందూరు ఖద్దరు అడగండి. శ్రీకాకుళం జిల్లాలో దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి నేస్తారు. ఒక చీర కొంటే మా ఉక్కపోతకి ఎందుకు పనికొస్తుందో కట్టుకున్న రోజే తెలుస్తుంది. లేపాక్షి అనే ప్రభుత్వ హస్తకళల దుకాణంలో ఏటికొప్పాక లక్కబొమ్మలు దొరుకుతాయి. అంకుడు కర్రని తిరిగే లేతు మీద పెట్టి, గింజలూ ఆకులూ బెరడుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని వేడికి అద్దుతారు. ఒక కుంకుమ భరిణె పదిహేనేళ్ళుగా నా ఆఫీసు కిటికీలో ఉంది. పక్కనున్న స్టీలు పెన్‌స్టాండుకి మచ్చలొచ్చాయి, దీనికి ఏమీ కాలేదు. మాడుగుల హల్వా కూడా కొనుక్కోండి, గోధుమ పాలతో చేసేది. దానికి ఉప్పుగాలితో ఏ సంబంధమూ లేదు, ఊరికే చెబుతున్నాను. అరకు వెళ్ళేవాళ్ళు కాఫీపొడి అక్కడే కొనుక్కోవచ్చు.

ఒక పూట మిగిలితే తొట్లకొండ. భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న బౌద్ధారామం. కొండ రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. వాన నీళ్ళు పట్టి నిలవుంచుకునే ఆ ఏర్పాటు చూడండి. చుట్టూ ఉప్పు నీళ్ళు, కొండ మీద మంచి నీళ్ళు. ఈ రోజు ఇక్కడ రిసార్టు కట్టే ఎవరూ ముందు నీళ్ళ గురించి అడగరు, ఇన్ఫినిటీ పూల్ గురించే అడుగుతారు.

నాకు మాత్రం ఈ ఊళ్ళో కొనడానికి అన్నిటికన్నా ఇష్టమైనవి పాత ఇళ్ళు కూల్చినచోట దొరికే తలుపులు, స్తంభాలు. 2009లో పాతపట్నంలో ఒక మండువా ఇల్లు పడగొడుతుంటే నాలుగు టేకు దూలాలు బేరమాడి తెచ్చాను. వాటిని కోయించి, మాస్టారింటి బాల్కనీకి రెయిలింగుగా పెట్టించాను. శ్లాబు రిపేరూ, కర్రా, వడ్రంగి కూలీ అన్నీ నావే. మాస్టారు వద్దన్నారు, నేను వినలేదు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఊరికి ఎవరొచ్చినా చివరి రోజు వాళ్ళని ఆ ఇంటికి తీసుకెళ్తాను. పిన్నిగారికి ఎనభై దాటాయి, కాఫీ ఇంకా ఆవిడే కలుపుతారు. ఏటా దసరాకి ముందు ఆ కర్రకి అవిసె నూనె రాయిస్తారు. పోయిన నెల వెళ్తే చెయ్యి పెట్టి చూడమన్నారు. ఒక కీలు దగ్గర మేకు తుప్పు పట్టింది. ఇత్తడి మేకు తెస్తానని చెప్పాను, ఇంకా తేలేదు.