చారలు పోకుండా వాండరింగ్ జ్యూ: నా అనుభవం

హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో కొన్న వాండరింగ్ జ్యూ అనే తీగ మొక్క మొదటి వానాకాలానికే కుండీ అంచు దాటి కిందికి వేలాడింది. పచ్చటి ఆకుల మీద తెల్ల చారలు, అక్కడక్కడా గులాబీ ఛాయ. ఈ తీగను బతికించడం తేలికే. ఆ చారలు పోకుండా చూసుకోవడమే అసలు పని.

ఆకులో తెల్లగా ఉన్న చోట పత్రహరితం ఉండదు. అందుకే పూర్తి పచ్చగా వచ్చిన తీగ మిగతావాటికంటే బలంగా, వేగంగా పెరిగి కుండీ అంతా ఆక్రమిస్తుంది. అలాంటిది కనబడగానే మొదలుకంటా తుంచేస్తాను. నిగనిగలాడే తీగను తీసేయడానికి మనసొప్పదు గానీ తప్పదు. పూర్తి తెల్లగా వచ్చే తీగ ఇంకా ముద్దుగా ఉంటుంది, కానీ కోసి విడిగా నాటితే బతకదు. నాటడానికి పచ్చ, తెలుపు కలిసిన తీగలే ఏరుకుంటాను.

మా బాల్కనీ తూర్పు వైపు. పొద్దుటి ఎండ దీనికి సరిపోతుంది. నీడ మరీ ఎక్కువైతే రంగు వెలిసి, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కదా, అప్పుడు ముందు మాడేది తెల్ల భాగమే. ఆ రెండు నెలలూ నీడ కోసం గ్రీన్ నెట్ కట్టాల్సిందే. గడ్డకట్టే చలి ఉన్న దేశాల్లో దీన్ని చలికాలం ఇంట్లోకి తెచ్చుకుంటారు. మనకు ఆ టెన్షన్ లేదు. డిసెంబరులో ఎదుగుదల మందగిస్తుంది, నీళ్లు తగ్గిస్తే చాలు.

ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్ట్ సమంగా కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తాను. పైమట్టి ఆరాకే నీళ్లు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అవే పోస్తే ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి, కుండీ అంచున తెల్లటి పొర కట్టేది. ఇప్పుడు నల్లాలో వచ్చే మంజీరా నీళ్లు, వర్షం పడితే బకెట్లో పట్టిన వాననీళ్లు పోస్తున్నాను. తేడా కొత్త ఆకుల్లోనే తెలిసింది.

కొన్నాళ్లకు దీని ఏ తీగైనా మొదలు దగ్గర ఆకులు రాలి బోసిపోతుంది. జూలైలో కొసలను మూడు నాలుగు అంగుళాలు కోసి, కణుపు మట్టిలో ఉండేలా అదే కుండీలో గుచ్చుతాను. వానల తేమకు త్వరగా వేళ్లు పట్టి కుండీ మళ్లీ గుబురవుతుంది.

ఇంట్లో కుక్క ఉంటే మాత్రం కుండీని అందనంత ఎత్తులో వేలాడదీయండి. ఈ తీగ రసం తగిలితే కుక్కల చర్మానికి దురద వస్తుంది.