మంట ఎక్కువ, పుండు తక్కువ

నేను ఎండోస్కోపీ గదిలో నర్సును. పేషెంటును ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గొంతులో స్ప్రే కొట్టడం, పళ్ల మధ్య ప్లాస్టిక్ గార్డు పెట్టడం, డాక్టర్ గారు ట్యూబు దింపుతుంటే తల పట్టుకుని "ఒక్కసారి మింగండి, అంతే" అంటూ ఉండటం నా పని. స్ప్రే చేదుగా ఉంటుంది. గొంతు మొద్దుబారగానే మింగుడు పడటం లేదని కంగారుపడి, ఊపిరి కూడా ఆగిపోతుందేమోనని చాలామంది నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంటారు. ఆగదు. ట్యూబు వెళ్లే దారి వేరు, ఊపిరి దారి వేరు.

ఇదంతా అయ్యాక రిపోర్టు చేతికి ఇచ్చినప్పుడే అసలు గొడవ. గుండెల్లో మంటతో నెలల తరబడి నిద్రలేని మనిషికి అన్నవాహిక శుభ్రంగా ఉందని రాస్తే కోపం వస్తుంది. "అంటే నాది ఉత్త భ్రమంటారా?" అని అడుగుతారు. కాదండీ. యాసిడ్ రిఫ్లక్స్, అంటే జీర్ణాశయంలోని యాసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నే జబ్బు, ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి స్కోపులో పుండ్లు కనిపించవు. అప్పటికే మాత్రలు వాడుతూ ఉంటే ఉన్న పుండ్లు మానిపోయి ఉండొచ్చు కూడా. ఇక రక్తహీనత ఎందుకుందో చూద్దామని వచ్చినవాళ్లు కొందరుంటారు. మంట ఎప్పుడైనా ఉందా అంటే గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది, స్క్రీన్ మీద చూస్తే అన్నవాహిక అడుగంతా ఒరిసిపోయి ఉంటుంది. మంటను బట్టి లోపల ఎంత పాడైందో చెప్పలేం. నేను ఈ పోస్టు రాస్తున్నది ముఖ్యంగా ఈ మాట కోసమే.

అన్నవాహిక లోపలి పొర లేత గులాబీ, దాదాపు తెలుపు. జీర్ణాశయం పొర ఎరుపు. పళ్ల దగ్గర నుంచి లెక్కిస్తే సుమారు 40 సెంటీమీటర్ల లోతులో ఈ రెండు రంగులూ వంకర గీతలా కలుస్తాయి. ట్యూబును జీర్ణాశయంలోకి దింపి, కొనను వెనక్కి వంచి పైకి చూస్తే ఈ రెండింటి మధ్య మూతలా పనిచేసే వాల్వు కనిపిస్తుంది. బాగున్న వాల్వు నల్లటి ట్యూబును గట్టిగా కరుచుకుని ఉంటుంది. వదులైన వాల్వు చుట్టూ ఖాళీ తెరుచుకుని ఉంటుంది. అక్కడ కండరాల వలయంతో పాటు డయాఫ్రమ్, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర, కూడా నొక్కిపట్టాలి. జీర్ణాశయం పై భాగం డయాఫ్రమ్ దాటి ఛాతీలోకి జారితే, అంటే హయాటస్ హెర్నియా అయితే, ఆ రెండు పట్లూ విడిపోతాయి.

అందుకే యాసిడ్ ఎక్కువగా తయారవడమే జబ్బు అనుకోవద్దు. చాలామందిలో యాసిడ్ మామూలుగానే తయారవుతుంది, రాకూడని చోటుకు వస్తుంది. జీర్ణాశయానికి యాసిడ్‌ను తట్టుకునే జిగురు పొర ఉంది, అన్నవాహికకు అంత రక్షణ లేదు. కడుపు నిండి సాగినప్పుడు వాల్వు కాసేపు తనంతట తానే వదులవడం అందరికీ ఉన్నదే, ఈ జబ్బున్నవాళ్లలో ఆ వదులుతో పాటు యాసిడ్ పైకి రావడం ఎక్కువ. పొట్ట చుట్టూ కొవ్వు, గర్భం, పొగతాగడం, బీపీకీ గుండెకూ వాడే కొన్ని మందులు దీన్ని పెంచుతాయి. అలాగని బీపీ మాత్ర మీరే ఆపేయకండి, డాక్టర్ని అడగండి.

స్కోపు శుభ్రంగా ఉండి, మాత్రలకూ తగ్గకపోతే ముక్కులోంచి సన్నటి వైరు వేసి 24 గంటలు కొలుస్తారు. పీహెచ్ అంటే యాసిడ్ కొలత, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ. అన్నవాహికలో పీహెచ్ 4 కంటే కిందికి పడిన సమయం 6 శాతం దాటితే రిఫ్లక్స్ ఖాయం. 4 శాతంలోపు ఉంటే మామూలే, అప్పుడు నరాల సున్నితత్వం లాంటి వేరే కారణాలు చూస్తారు.

ఏళ్ల తరబడి యాసిడ్ తగిలితే పుండ్లు మాని, మచ్చకట్టి, దారి ఇరుకవుతుంది. ముందు గట్టి ముద్ద అడ్డుపడుతుంది. కొందరిలో లేత గులాబీ పొర పోయి పేగు పొరను పోలిన ఎర్రటి పొర పైకి పాకుతుంది. ఇది బ్యారెట్స్. 1950లో దీని గురించి రాసిన సర్జన్ నార్మన్ బ్యారెట్ అది ఛాతీలోకి లాగబడిన జీర్ణాశయమే అనుకున్నారు, తర్వాత అభిప్రాయం మార్చుకున్నారు. పేరు మాత్రం ఆయనదే నిలిచింది. బ్యారెట్స్ అనగానే మొహాలు పాలిపోతాయి. కణాల్లో క్యాన్సర్ వైపు మార్పు మొదలవని బ్యారెట్స్ క్యాన్సర్‌గా మారేది ఏడాదికి నూటికి ఒకరిలో కూడా కాదు. సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లకోసారి స్కోపు చేసి ముక్కలు తీసి చూస్తారు, అంతే. దగ్గు, బొంగురు గొంతు, పళ్ల ఎనామిల్ అరగడం కూడా ఈ యాసిడ్ పనే కావచ్చు, కానీ వాటికి వేరే కారణాలూ బోలెడు.

మాత్రల సంగతికొస్తే, ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి ఎప్పుడు వేసుకుంటున్నారని అడిగితే సగం మంది "పడుకునే ముందు" అంటారు. ఈ మందు పనిచేస్తున్న యాసిడ్ పంపులనే మూయగలదు, ఆ పంపులను లేపేది భోజనం. అందుకే తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. పుండ్లు మానడానికి సాధారణంగా 8 వారాల కోర్సు ఇస్తారు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొన్ని వారాలు యాసిడ్ ఎక్కువగా ఊరి, జబ్బు తిరగబెట్టిందనిపిస్తుంది. ఎలా ఆపాలో అడిగి ఆపండి. పెద్ద పుండ్లు, బ్యారెట్స్ ఉన్నవాళ్లకు మాత్రం ఆపమని చెప్పరు.

తినకూడనివంటూ అందరికీ ఒకే లిస్టు ఇవ్వడం నాకు నచ్చదు. ఏది పడటం లేదో ఎవరికి వారికి తెలుస్తుంది. బరువు తగ్గడం, పడుకోవడానికి మూడు గంటల ముందే తినేయడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మాత్రం నిజంగా పనిచేస్తాయి. తల వైపు మంచం కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. రెండు దిండ్లు వేస్తే నడుము దగ్గర వంగి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది.

మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, విరేచనం నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా గ్యాస్ అనుకుని కూర్చోవద్దు. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకితే మా గదికి కాదు, ముందు ఈసీజీకి వెళ్లాలి.

మందులకు లొంగనివాళ్లకు, హెర్నియా పెద్దగా ఉన్నవాళ్లకు సర్జరీ ఉంది. జీర్ణాశయం పై భాగాన్ని అన్నవాహిక అడుగు చుట్టూ చుట్టి కుడతారు. 1950లలో సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పుడు ఎక్కువగా లాప్రోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, చేస్తున్నారు. చేయించుకునేవాళ్లకు ముందే చెప్పాల్సింది ఒకటుంది: కొందరికి ఆ తర్వాత త్రేన్పు తేలిగ్గా రాదు, కడుపు ఉబ్బరంగా ఉంటుంది.