స్టాండప్‌లో నోరు పెగలనివాళ్లు వేసుకోవలసిన ప్రశ్నలు

బెంగళూరు బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పొద్దున స్టాండప్ (టీమంతా చేరి ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగ్) అంటే ఒక్కొక్కరి వంతుకు నిమిషం పడుతుందేమో. ఆ నిమిషం కోసం ముందురోజు రాత్రి నుంచే కడుపులో తిప్పేవాళ్లు ఉంటారు. పని తెలియక కాదు, కోడ్ బాగానే రాసి ఉంటారు. పేరు పిలిచేసరికి గొంతు తడారిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు అడిగేది ఒకటే: "ఎందుకంత భయం?" దానికి జవాబు తెలుగు మీడియం చదువులోనో, ఇంట్లో పెద్దవాళ్ల కోపంలోనో దొరకొచ్చు. అది నిజం కూడా కావచ్చు. కానీ రేపటి స్టాండప్‌లో అక్కరకు రాదు.

సొల్యూషన్ ఫోకస్డ్ థెరపీ, అంటే సమస్య మూలం కన్నా పరిష్కారం మీద చూపు పెట్టే మాటల చికిత్స, ఆ 'ఎందుకు'ని పక్కన పెడుతుంది. స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు, వాళ్ల సహచరులు కలిసి 1978లో అమెరికాలోని మిల్వాకీలో పెట్టిన కేంద్రంలో ఇది రూపు దిద్దుకుంది. ఏ ప్రశ్న అడిగితే మనిషిలో మార్పు వస్తోందో ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక నుంచి గమనిస్తూ, పనికొచ్చినవి ఉంచుకుని మిగతావి వదిలేశారు. అలా మిగిలిన ప్రశ్నలు చాలావరకు ఆఫీసు భయానికీ సరిపోతాయి.

అన్నిట్లోకీ పేరున్నది అద్భుత ప్రశ్న. ఈ రాత్రి మీరు నిద్రలో ఉండగా ఏదో అద్భుతం జరిగి ఈ ఇబ్బంది పోయింది; నిద్రలో ఉన్నారు కాబట్టి ఆ సంగతి మీకు తెలియదు. రేపు ఆఫీసులో దేన్నిబట్టి తెలుస్తుంది? దాదాపు అందరూ "భయం ఉండదు" అంటారు. అక్కడ ఆగితే ఈ ప్రశ్న దండగ. భయం లేకపోతే దాని చోట ఏం ఉంటుంది? ఆఫీసు సీసీ కెమెరాలో పడేదే జవాబు. "లిఫ్ట్‌లో మేనేజర్ కనిపిస్తే వెనక్కి తిరిగి మెట్లవైపు వెళ్లను", "కాల్ మొదలైన అయిదు నిమిషాల్లో ఏదో ఒకటి అంటాను", ఇలాంటివి. ఆ తర్వాత "ఇంకా?" అని అడగాలి. మళ్లీ "ఇంకా?" మొదటి రెండు జవాబులు ఎవరైనా చెప్పేవే, మీవి ఆ తర్వాతే వస్తాయి. పక్క సీటతనికి మీలో ఏ తేడా కనిపిస్తుందని అడిగి చూడండి. బయటి కళ్లతో చూస్తే చాలామందికి జవాబు తేలిగ్గా తడుతుంది.

అసలు సరుకు మినహాయింపుల్లో ఉంది. భయం రావలసిన చోట రాని, లేదా తక్కువగా వచ్చిన సందర్భాలవి. బెంగళూరులో మనవాళ్ల నోట తరచుగా వినిపించే మాట: "తెలుగువాళ్లతో అయితే నాకేం ఇబ్బంది లేదు." మంచిదే, కానీ దాన్ని విడగొట్టాలి. తేడా తెచ్చింది భాషా, మనుషుల సంఖ్యా, ఎదుటివాళ్ల హోదానా? తెలుగువాడే అయిన డైరెక్టర్ ముందు కూడా నోరు పెగలకపోతే భాష కారణం కాదు. ఇంగ్లీషులోనే అయినా కొత్తగా చేరిన పిల్లలకు బోర్డు దగ్గర గంటసేపు వివరించగలిగితే, అక్కడ పనిచేసింది 'నేర్పేవాడి' స్థానం. ఎవరెవరు ఉన్నారు, ఎంతమంది, కూర్చున్నారా నిలబడ్డారా, మొదట మాట్లాడింది ఎవరు, దానికి ముందు పది నిమిషాలు మీరేం చేశారు అన్నది రాసుకోండి. ఇలాంటివి రెండుమూడు పక్కపక్కన పెట్టి చూస్తే మళ్లీ మళ్లీ వచ్చేది ఏదో కనబడుతుంది.

ఇక్కడో ప్రమాదముంది, దీన్ని చాలామంది దాటేస్తారు. సోషల్ యాంగ్జైటీలో, అంటే నలుగురి ముందు కలిగే ఈ భయంలో, మినహాయింపులా కనిపించేది ఒక్కోసారి తప్పించుకునే దారి అవుతుంది. కెమెరా ఆపేస్తే బాగా మాట్లాడాను, ముందే అంతా టైపు చేసుకుని చదివేశాను, మొదటే నా వంతు ముగించి మ్యూట్‌లోకి వెళ్లిపోయాను. వీటిని 'పనిచేసినవి' అనుకుని పెంచుకుంటూ పోతే భయం అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే అవి లేకపోయినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశమే రాదు. ఈ భయం ఎలా నిలబడిపోతుందో చెబుతూ సైకాలజిస్టులు క్లార్క్, వెల్స్ 1995లో ఇచ్చిన నమూనా వీటినే రక్షణ చేష్టలంటుంది. మనిషి చూపు ఎదుటివాళ్ల మీది నుంచి తనమీదికే తిరిగిపోవడం కూడా అందులో భాగమే. కాబట్టి ప్రతి మినహాయింపుకీ ఒక పరీక్ష పెట్టండి: ఇలా చేసినప్పుడు నా దృష్టి ఎదుటివాళ్ల మాటమీద ఉందా, నా గొంతు వణుకు మీద ఉందా? స్టికీ నోటు మీద మూడు మాటలు రాసుకుంటే తల పైకెత్తి చూడగలరు. పేరా మొత్తం రాసుకుంటే తల ఎత్తరు. మొదటిది ఉంచుకోండి, రెండోది వదలండి.

తర్వాతది స్కేలు. 0 అంటే ఈ ఇబ్బంది ఎన్నడూ లేనంత గడ్డుగా ఉన్న రోజు, 10 అంటే అద్భుతం మర్నాడు. మీరు 3 అన్నారనుకుందాం. వెంటనే "10కి ఎలా?" అని మొదలుపెడితే బండి అక్కడే ఆగిపోతుంది. ముందు అడగాల్సింది, 3 ఎలా అయింది, 1 ఎందుకు కాలేదు? ఆ రెండు అంకెల మధ్య మీరు ఇప్పటికే చేస్తున్న పనులు ఉంటాయి. వాటిని లెక్కలోకి తెచ్చుకున్నాకే 4 గురించి. 4 కూడా కెమెరాలో పడేలా ఉండాలి: "గురువారం రివ్యూలో డిజైన్ మీద ఒక ప్రశ్న, ఒకే వాక్యంలో, మొదటి పావుగంటలో అడుగుతాను." ఈ పని చేయగలనన్న ధీమా 10కి ఎంత అని ఇంకో స్కేలు వేసుకోండి. నా లెక్కలో అది 7 కన్నా తక్కువైతే పట్టుదల పెంచుకోనక్కర్లేదు, పనిని చిన్నది చేయాలి. రివ్యూలో కాకపోతే ఆ ప్రశ్న ముందు నలుగురున్న కాల్‌లో అడగండి. భయాన్ని మాత్రం ఈ స్కేలులో కలపొద్దు. గుండె దడదడలాడుతూనే ప్రశ్న అడిగితే అది 4 కిందే లెక్క.

అంకె 4 నుంచి 2కి పడిపోయిన వారం తప్పకుండా వస్తుంది. అప్పుడు "0కి జారకుండా ఏది ఆపింది?" అన్నది ప్రశ్న. అప్రైజల్ వారంలో కూడా ఆఫీసుకు వెళ్లడం, కాల్ కట్ చేయకపోవడం చిన్న సంగతులేం కాదు.

ఇంటికి ఇచ్చే పనుల్లో డి షేజర్ వాడిన జోస్యం పని ఈ ఇబ్బందికి బాగా నప్పుతుంది. రేపటి మీటింగ్ ఇవాళ్టికంటే మెరుగ్గా ఉంటుందా లేదా అని పడుకునే ముందు రాసిపెట్టండి. మర్నాడు అది నిజమైందా కాదా, దేనివల్ల అన్నది రాయండి. జోస్యం తప్పినా నష్టం లేదు, మంచి రోజుల్ని వెతికే అలవాటు పడితే చాలు. మీటింగ్ అయ్యాక గంటలకొద్దీ "అలా అన్నానేంటి" అని తవ్వుకునేవాళ్లు వెంటనే రెండే వాక్యాలు రాసి పుస్తకం మూసేయాలి: నేను ఏం చేశాను, ఎవరు ఏమన్నారు. వాళ్లు ఏమనుకుని ఉంటారన్నది అందులో రాయకూడదు.

టీమ్ లీడ్‌లకు ఒక మాట. "నువ్వెందుకు మాట్లాడవు?" అని అందరిలో అడగడం ఎంత చెడ్డదో, అందరిలో చప్పట్లు కొట్టించడమూ అంతే ఇబ్బంది పెడుతుంది. విడిగా ఉన్నప్పుడు "ఆ డెమోలో క్లయింట్ ప్రశ్నకు నువ్వే జవాబిచ్చావు, ఎలా చేయగలిగావు?" అని అడిగి, జవాబు చెప్పనివ్వండి.

ఇవన్నీ ఒక మోస్తరు ఇబ్బందికి. భయం ఆరు నెలలు దాటి, ప్రమోషన్ వద్దనడం, ఉద్యోగాలు మానేయడం, టీమ్ పార్టీకి వెళ్లే ముందు మందు తాగితే తప్ప కుదరకపోవడం దాకా వస్తే అది వైద్యం చేయవలసిన రుగ్మత కావచ్చు. దానికి మొదట సూచించేది సొల్యూషన్ ఫోకస్డ్ థెరపీ కాదు, ఒక్కొక్కరికి విడిగా చేసే సీబీటీ (ఆలోచనల తీరునీ, చేసే పనుల్నీ మార్చే మాటల చికిత్స). అవసరమైతే సైకియాట్రిస్టు మందులూ ఇస్తారు. బెంగళూరులో హోసూరు రోడ్డు మీద ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. ప్రైవేటుగా వెళ్లేవాళ్లు, క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే చూసుకోవాలి, సోషల్ యాంగ్జైటీకి సీబీటీ చేస్తారా అని ఫోన్‌లోనే అడగాలి. ఫోన్ చేయడమే పెద్ద భయమైతే ఆ రెండు ప్రశ్నలూ మెసేజ్‌గా పంపొచ్చు. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఆగకండి: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.