పెద్దనాయన కన్ను, ఎలుక కన్ను

మా కడప వైపు ‘బయటి దేశం పోయినాడు’ అంటే కువైట్ పోయినాడనే లెక్క. రాయచోటి, రాజంపేటల సంగతి సరేసరి, మా వీధిలో కూడా డ్రైవర్లుగా, ఇళ్లల్లో వంటమనుషులుగా పోయి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల పని ఏమిటని ఎవరూ విడమరిచి అడగరు. నేను అమెరికాలో ఎలుకల కళ్లకు ప్రెషర్ చూస్తానంటే మాత్రం ఎవరికీ ఒక పట్టాన నమ్మకం కుదరదు. “దానికోసం అంత దూరం పోవల్లనా పాపా? మన శెనక్కాయల మూటల కాడ లేవా ఎలుకలు?” అంది మా మేనత్త.

ఆ ఎలుకలు వేరు. నేను చూసేవి డీబీఏ/2జే అనే జాతివి, బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటాయి. మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ల్యాబొరేటరీ వాళ్లు పెంచి అమ్ముతారు. పుట్టుకతోనే వీటికి రెండు జన్యువుల్లో లోపం ఉంటుంది. దానివల్ల ఐరిస్‌లోని, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలోని, రంగు పొడిపొడిగా రాలి, కంట్లోని నీరు బయటికి పోయే దారిలో అడ్డం పడుతుంది. 8, 9 నెలల వయసుకు కంట్లో ప్రెషర్ పెరగడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి చాలావాటిలో కంటి నరం బాగా దెబ్బతింటుంది. గ్లకోమా, మనవాళ్లు నీటికాసులు అనే జబ్బు, వాటికి ఎవరూ తెప్పించకుండానే వస్తుంది. పరిశోధనకు అదే వాటి విలువ.

చిక్కేమిటంటే, ఎలుక ముసలిదైతే తప్ప పని మొదలు కాదు. నాది పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. కాంట్రాక్ట్ ఏడాదికోసారి రెన్యూ కావాలి. అది గ్రాంటును బట్టి ఉంటుంది, వీసా ఆ కాంట్రాక్టును బట్టి ఉంటుంది. ఈరోజు పంజరంలో పెట్టిన పిల్ల ఎలుక నరం కోసి చూసే నాటికి నేను ఈ దేశంలో ఉంటానో లేదో నాకే తెలియదు. ఈ టెన్షన్ ఇంట్లో చెప్పను. కువైట్ పోయినవాళ్ల అకామా (అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్) గొడవలు వింటూ పెరిగిన ఊరు మాది, చెప్తే వెంటనే అర్థమవుతుంది. అందుకే చెప్పను.

ప్రెషర్ చూడడం తెల్లారే చేయాలి. ఎలుకలకు రాత్రిపూట కంటి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి ఎప్పుడు చూసినా ఒకే వేళకు చూడాలి, లేకపోతే అంకెలకు అర్థం లేదు. ఆదివారమైనా సంక్రాంతైనా తప్పదు. గౌను, టోపీ, మాస్కు, బూట్లకు తొడుగులు, చేతులకు రెండు జతల గ్లౌజులు వేసుకుని లోపలికి పోతాను. ఎలుకకు ఐసోఫ్లురేన్ వాసన చూపించి మత్తు ఇస్తాను. ఆ మత్తు కూడా ప్రెషర్‌ను తగ్గిస్తుంది. అందుకే ఎలుక కదలడం ఆపిందో లేదో, వెంటనే ప్రెషర్ కొలిచే టోనోమీటర్ కంటి ముందు పెట్టాలి. దాని మూతికి గుండుసూది అంత సన్నని పుల్ల ఉంటుంది, చివర చిన్న ప్లాస్టిక్ బొడిపె. మీట నొక్కితే అది ఎగిరి కంటిపొరకు తగిలి వెనక్కి వస్తుంది. ఎంత వేగంగా వచ్చిందో చూసి యంత్రం ప్రెషర్ లెక్కగడుతుంది, అలా ఆరుసార్లు కొట్టి సగటు చూపిస్తుంది. చెయ్యి కాస్త వణికినా, పుల్ల కంటి మధ్యలో కాక అంచున తగిలినా ఆ అంకె పనికిరాదు. 13, 14 ఉండే ఎలుక ఒకరోజు 20 దాటిందంటే పక్కనున్న మా చైనా అమ్మాయి, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. జబ్బు వచ్చినందుకు సంతోషపడే ఉద్యోగం ఇది.

ఆ పని ముగించి బయటపడేసరికి కడపలో సాయంత్రం. అప్పుడు పెద్దనాయన ఫోన్ వస్తుంది.

పెద్దనాయనకు కుడికన్ను దాదాపు పోయింది. శుక్లమే కదా, ముదిరినాక తీయించుకుందామని ఏళ్ల తరబడి కూర్చున్నాడు. తీరా చూస్తే అది గ్లకోమా. శుక్లమైతే ఆపరేషన్ చేసి లెన్స్ పెడితే చూపు వస్తుంది. గ్లకోమాలో పోయిన చూపు రాదు. నొప్పి ఉండదు, ముందు పక్క చూపు పోతుంది, నడిమి చూపు చివరిదాకా ఉంటుంది. అందుకే పేపర్ చదువుతూనే, పక్కనుంచి వచ్చే స్కూటర్ కనిపించక రెండుసార్లు కింద పడ్డాడు. కడపలో డాక్టర్ చూసేనాటికి ఎడమకన్ను మాత్రం కొంత మిగిలింది. ఆయనకు ఆయాసం ఉంది. ప్రెషర్ తగ్గించే టిమొలాల్ చుక్కలు అలాంటివాళ్లకు ప్రమాదం కాబట్టి లాటనోప్రాస్ట్ రాసిచ్చారు. రాత్రికి ఒక చుక్క.

“పాపా, మందు కనిపెట్టినారా?” ప్రతి ఫోన్‌లో ముందు ఇదే. బాగున్నావా అనేది తర్వాత.

మా ల్యాబ్ చూసేది ప్రెషర్ తర్వాత జరిగే కథ. కంటి నరం మొదట్లో మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు ఉంటాయి. మామూలుగా సన్నని కొమ్మలు చాచి చుట్టూ తడుముతుంటాయి. ప్రెషర్ పెరిగినప్పుడు, నరంలో పోగులు చావకముందే, ఆ కొమ్మలు ముడుచుకుని గుండ్రంగా తయారవుతాయి. 2017లో అమెరికా శాస్త్రవేత్త బెన్ బారెస్ ల్యాబ్ వాళ్లు చూపించిందేమిటంటే, రెచ్చిపోయిన మైక్రోగ్లియా మూడు పదార్థాలు వదులుతాయి: ఐఎల్-1 ఆల్ఫా, టీఎన్ఎఫ్, సీ1క్యూ. అవి తగిలితే నరానికి అండగా ఉండాల్సిన ఆస్ట్రోసైట్లే నరకణాలను చంపేవిగా మారతాయి. తర్వాత 2020లో ఆ మూడూ లేకుండా పుట్టించిన ఎలుకల కళ్లలోకి సన్నపూసలు ఎక్కించి ప్రెషర్ పెంచి చూశారు. నరకణాలు చాలావరకు నిలబడ్డాయి.

నన్ను ఈ పనిలోకి లాగింది మాత్రం అంతకంటే పాత సంగతి. 2005లో జాక్సన్ ల్యాబ్ వాళ్లు మా డీబీఏ ఎలుకలకే చిన్న వయసులో రేడియేషన్ ఇచ్చి, ఎముక మజ్జ మార్చారు. వయసు వచ్చాక వాటికి ప్రెషర్ మామూలుగానే పెరిగింది, కానీ చాలావాటిలో నరం చెడలేదు. రక్తంలోంచి నరంలోకి చొరబడే కణాలు ఆగిపోవడం అందుకు ఒక కారణమని తర్వాత తేలింది. ప్రెషర్ తగ్గించకుండా నరాన్ని కాపాడవచ్చు అన్నమాట. ఏ డాక్టరూ మనిషికి దానికోసం రేడియేషన్ ఇవ్వడు, అది వేరే సంగతి.

మేము ఎలుక నరాన్ని అడ్డంగా, మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోసి, పీపీడీ అనే రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతాం. కట్టిన చెరుకు మోపును కొసల వైపు నుంచి చూసినట్టు ఉంటుంది: వేల వలయాలు, లోపల తెల్లగా. చచ్చే పోగు లోపల నల్లబడి ఉంటుంది. ఆరోగ్యమైన ఎలుక నరంలో దాదాపు 50,000 పోగులు, మనిషికి పది లక్షలకు పైన. ఏ ఎలుకకు ఏ మందు ఇచ్చామో లెక్కపెట్టేవాళ్లకు చెప్పరు, చెప్తే మన కన్ను మనకు కావలసిందే చూస్తుంది. కంప్యూటర్ లెక్కపెడుతుంది గానీ, నల్లటి వలయాల దగ్గర నాకు దాని మీద నమ్మకం తక్కువ. నేనే కూర్చుంటాను.

ఇదంతా పెద్దనాయనకు నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన అంతా విని, “నరం లోపల వాపు మాదిరి అంటాండావు. మోకాళ్ల వాపుకు మాత్ర ఏసుకుంటే తగ్గుతుంది కదా, దీనికెందుకు ఏసుకోకూడదు?” అన్నాడు. మా గ్రూప్ మీటింగుల్లో వచ్చే చాలా ప్రశ్నల కంటే మంచి ప్రశ్న ఇది. అలాంటి వాపును అణచడంలో స్టెరాయిడ్‌ది పెద్ద చెయ్యి. కానీ కొందరికి స్టెరాయిడ్ వల్లే కంటి ప్రెషర్ పెరుగుతుంది. ఎంతగా అంటే, ఎలుకలకు గ్లకోమా తెప్పించడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడే ల్యాబులు ఉన్నాయి. అదే డెక్సామెథసోన్ చుక్కలు మన దగ్గర కళ్లు ఎర్రబడ్డాయంటే చీటీ లేకుండానే మెడికల్ షాపులో చేతిలో పెడతారు. కళ్లంలో దుమ్ము కంట్లో పడినప్పుడల్లా పెద్దనాయన కూడా అలాంటివి వేసుకునేవాడు. ఆయన జబ్బుకు అదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. చుక్కల మందు పేరు చదవకుండా కొనవద్దని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను.

విటమిన్ బీ3 సంగతీ అంతే. 2017లో అది ఈ ఎలుకల నరాలను కాపాడిందని వచ్చింది, మంచి పని, నేనూ మెచ్చుకుంటాను. వాట్సాప్‌లో అది ‘గ్లకోమాకు మాత్ర వచ్చేసింది’గా మారి మా ఇంటికి చేరింది. మా అన్న ఏకంగా డబ్బా కొనబోయాడు. మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి, కానీ అంత మోతాదు లివర్‌కు చేటు చేయవచ్చు, డాక్టర్ చెప్పకుండా వద్దని ఆపాను. ఎలుక రెండేళ్లు బతికే ప్రాణి. మనిషి కంటి నరం బయటికి వచ్చే చోట జల్లెడలా ఉండే కొలాజెన్ పలక దానికి లేదు, ఆ చోట ఆస్ట్రోసైట్ల వల మాత్రమే ఉంటుంది. దానికి పనిచేసిందల్లా మనకు పనిచేస్తుందని అనుకోవడానికి లేదు. ఈరోజుకు మనిషికి పనికొస్తుందని రుజువైంది ప్రెషర్ తగ్గించడం ఒక్కటే, దానికి పెద్దనాయనకు ఆ రాత్రి చుక్కే దిక్కు. కడప ఎండ 40 దాటినప్పుడు ఆ సీసా ఫ్రిజ్‌లో ఉందా లేదా అన్నది నేను ఫోన్‌లో మొదట అడిగే మాట.

అన్నదమ్ముల్లో ఒకరికి ఉంటే మరొకరికి వచ్చే అవకాశం ఎక్కువ. నాయనను పరీక్షకు పంపడానికి చాలా పోరాడాను. నాకేం, బాగానే కనిపిస్తాంది అనేది ఆయన వాదన. చివరికి అమ్మ తీసుకుపోయింది. ప్రెషర్ మామూలుగానే ఉంది, ఎడమకంటి నరం మాత్రం కాస్త అనుమానంగా ఉందన్నారు. లైటు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కే ఫీల్డ్ పరీక్షలో చీకటిగదిలో చల్లగా ఉండేసరికి నాయన సగంలోనే కునుకు తీశాడట, రిపోర్టు పనికిరాలేదు. వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు. ఈసారి సంగటి తిని పోవద్దని అమ్మకు చెప్పాను.